శక్తిమాన్ సైలెన్సరు

మాజీ సైనికులకు భూములిచ్చిన ఊరు మా జవహర్‌నగర్. ఇక్కడ నలుగురం కలిస్తే మాట ఎటు తిరిగినా శక్తిమాన్ లారీ దగ్గరికే వస్తుంది. జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో 1959లో జబల్‌పూర్ గన్ క్యారేజ్ ఫ్యాక్టరీలో మొదలై, తర్వాత అక్కడి వెహికల్ ఫ్యాక్టరీకి మారి, 1996 వరకు తయారైన బండి అది. 1965, 1971 యుద్ధాల్లో మన సైన్యానికి సామాను మోసింది.

నేను మెకానిక్‌ని. ఒకసారి మా డ్రైవరొకాయన తలనొప్పి, కళ్లమంటలని వారంపాటు మాత్రలు మింగాడు. బండి కిందికి దూరి చూద్దును కదా, ఇంజను మానిఫోల్డు దగ్గర గాస్కెట్టు కాలిపోయి పొగంతా క్యాబిన్‌లోకే పోతోంది! సైలెన్సరు పైపూ తుప్పుపట్టి చిల్లులు పడింది.

అసలు తంటా నట్లతోనే. రాత్రంతా కిరోసిన్ పోసి నానబెట్టినా ఒక స్టడ్డు పుటుక్కున విరిగింది. డ్రిల్లుతో తొలిచి తీశాం. కొత్త గాస్కెట్టు పెట్టి మధ్య నట్ల నుంచి అంచులకు కొంచెం కొంచెంగా బిగించాను. ఒకవైపే బిగిస్తే మళ్లీ కారుతుంది. పైపుకు క్లాంపులు వదులుగా వేసి, వరస కుదిరాకే గట్టిచేశాం. ఇంజను నడుస్తుండగా తోక పైపుకు తడిగోనె అడ్డుపెట్టి చెవి ఒగ్గితే ఎక్కడా బుస్సుమనలేదు.

మర్నాడు డ్రైవరు నాకు టీ తెచ్చిచ్చాడు. మిగిలిన మాత్రల పొట్లం కూడా నా చేతిలోనే పెట్టాడు.