యేట్స్ దొర అడిగిన ప్రశ్న

మనం ఈరోజు "వస్తున్నాను" అని హాయిగా రాసేస్తున్నాం. "వచ్చుచున్నాను" అని రాయకపోతే మార్కులు కోసేసే రోజులుండేవి. ఆ మార్పు మనకి కవుల వల్లో పత్రికల వల్లో వచ్చిందని అనుకుంటాం గానీ, అసలు మొదలైంది బడిలో. అదీ పాఠం ఎలా చెప్పాలన్న ప్రశ్నతో.

1907 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషాయన ఉత్తర కోస్తా జిల్లాలకి స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. చిన్న తరగతుల్లో తెలుగు చెప్పే పద్ధతి చూసి ఆయనకి ఒకటి అర్థం కాలేదు. పిల్లలు మాట్లాడే తెలుగు వేరు, పుస్తకంలో తెలుగు వేరు. ఎందుకని? విశాఖపట్నం ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగాడు. దీనికి జవాబు చెప్పగలవాళ్ళు ఇద్దరున్నారని ఆయన చెప్పాడు: విజయనగరంలో గురజాడ అప్పారావు, పర్లాకిమిడిలో గిడుగు వెంకట రామమూర్తి.

గిడుగు పదిహేడో ఏట, 1880లో, మాస్టరుద్యోగంలో చేరినవాడు. సవరల భాష నేర్చుకోవాలనిపించి, ఆ భాష వచ్చిన ఒకతన్ని ఇంట్లోనే పెట్టుకుని నేర్చుకున్నాడు. ఆ తర్వాత సవర పిల్లల కోసం వాచకాలు రాశాడు, సొంత డబ్బుతో బడులు పెట్టాడు. అంటే ముందు విన్నాడు, తర్వాతే రాశాడు. బీఈడీ చదివినవాళ్ళకి బాగా తెలిసిన సూత్రమే ఇది: తెలిసిన దాన్నుంచి తెలియని దానికి తీసుకెళ్ళాలి.

మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఇది రిక్వైర్‌మెంట్స్. ఇక టెస్టింగ్ సంగతి. పండితులు గ్రాంథికమే రాయాలని పట్టుబడితే గిడుగు వాళ్ళతో ఊరికే వాదించి ఊరుకోలేదు. వాళ్ళు రాసిన పుస్తకాలే తీసుకుని, వాళ్ళ నియమాల ప్రకారమే వాటిలో తప్పులు ఏరి చూపించాడు. 1933లో వచ్చిన "ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం" అదే. జీవితమంతా ఆ భాష చదివినవాళ్ళకే తప్పుల్లేకుండా రాయడం రాకపోతే, పదేళ్ళ పిల్లాడిని కొట్టి ఏం లాభం? క్లాసులో ఒకడు ఫెయిలయితే వాడి తప్పు. క్లాసంతా, పంతులుగారితో సహా, ఫెయిలయితే సిలబస్ తప్పు!

గురజాడ మద్రాసు యూనివర్సిటీకి 1914లో తన అసమ్మతి పత్రం ఇచ్చాడు. అప్పటికి ఫలితం దక్కలేదు, మరుసటి ఏడాదే చనిపోయాడు. కానీ 1919లో రాజమండ్రిలో వర్తమాన భాష కోసం సమాజం పెట్టినప్పుడు దానికి అధ్యక్షుడు ఎవరనుకున్నారు? కందుకూరి వీరేశలింగం. అన్నేళ్ళు గ్రాంథికంలో రాసిన పెద్దాయన, చివరి సంవత్సరంలో ఇటు వచ్చాడు. తిరగరాయడం అంటే అదీ.

ఇదంతా మద్రాసు రాష్ట్రం కథ. నేనుండే శంషాబాదు అప్పట్లో నిజాం రాజ్యం. ఇక్కడ పిల్లలకి గ్రాంథికమా వ్యావహారికమా అనే గొడవ పడే భాగ్యం కూడా లేదు. పై చదువు ఎక్కువగా ఉర్దూలో, 1918లో వచ్చిన ఉస్మానియా యూనివర్సిటీ కూడా ఉర్దూలోనే. తెలుగు చదువుకోవాలంటే 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం లాంటి గ్రంథాలయాలే దిక్కు. దాంతో ఏమైందంటే, "వాడుక భాష" గెలిచేసరికి ఆ వాడుక ఎక్కువగా కోస్తా చదువుకున్నవాళ్ళదే అయింది. తెలంగాణ పిల్లాడికి అది మళ్ళీ పుస్తకాల భాషే.

అందుకే నా మట్టుకు నాకు యేట్స్ ప్రశ్న ఇంకా పాతబడలేదు. 2008 మార్చిలో బేగంపేట నుంచి ఎయిర్‌పోర్టు మా శంషాబాదుకి వచ్చింది. జగిత్యాల, నిజామాబాదు నుంచి గల్ఫ్‌కి పోయేవాళ్ళు, శ్రీకాకుళం కూలీలు, అమెరికాలో పిల్లల దగ్గరికి మొదటిసారి విమానమెక్కే అమ్మమ్మలు, అందరూ ఇక్కడికే వస్తారు. వీళ్ళ కోసం మీరొక సూచన రాయాలనుకోండి. "నిర్గమన మార్గము" అని రాస్తే వ్యాకరణం బాగానే ఉంటుంది, మనిషి మాత్రం నిలబడిపోతాడు. "బయటికి వెళ్ళే దారి" అంటే కోస్తాది, "బయటికి పోయే దారి" అంటే ఇక్కడిది. "బయటికి దారి" అంటే అందరిదీ. మూడో వాక్యం రాయాలంటే పాండిత్యం అక్కర్లేదు, చదివేవాడెవడో ముందు తెలియాలి.

వ్యాసమైనా అంతే. రాసేముందు చదివేవాడికి ఏం తెలుసో చూసుకోవాలి, రాశాక ఒకరి చేత చదివించి ఎక్కడ ఆగారో గమనించాలి, ఆగిన చోట వాళ్ళని కాకుండా మన వాక్యాన్ని దిద్దాలి. గిడుగు మాస్టారు చేసింది ఇదే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం అంటున్నాం. ఆ రోజు సభల్లో వినపడే తెలుగు ఆయనకి నచ్చుతుందంటారా? :)