లండను – బొంబాయి : వార్తకును మనిషికిని నడుమ దూరము



లండను నగరము నుండి బొంబాయికి, అనగా నేటి ముంబయికి, ఆకాశమార్గమున నేరుగా కొలిచినచో సుమారు 7,200 కిలోమీటర్లు. ఈ దూరము నాడును నేడును ఒక్కటే. మారినది ప్రయాణకాలము. ఆ మార్పు కుటుంబముల బ్రతుకులను ఎట్లు తాకినదో ఈ చిన్న వ్యాసములో వివరింప గోరుచున్నాము.

తెరచాప ఓడల కాలమున ఆఫ్రికా ఖండపు దక్షిణ కొనను చుట్టి సుమారు 20,000 కిలోమీటర్లు రావలసి యుండెను. అందుకు నాలుగు నుండి ఆరు నెలలు పట్టెడిది. 1869 నవంబరు 17న సూయజ్ కాలువ తెరువబడగా సముద్రమార్గము సుమారు 11,600 కిలోమీటర్లకు తగ్గినది. ఆవిరి ఓడలు మూడు నాలుగు వారములలో చేరసాగినవి. మరుసటి సంవత్సరమే, 1870లో, సముద్రగర్భమున వేసిన తంతి ఈ రెండు నగరములను కలిపినది.

అప్పటి నుండి ఒక విచిత్రమైన ఎడము ఏర్పడినది. తండ్రి మరణవార్త కొన్ని గంటలలోనే కుమారునికి అందును. కాని కుమారుడు ఇల్లు చేరుటకు వారములు పట్టును. కడచూపునకు నోచుకొనుట ఓడప్రయాణమున అసాధ్యము.

ఈ ఎడమును తగ్గించినది విమానము. 1929 మార్చి 30న ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారు లండను సమీపమందలి క్రాయిడన్ నుండి కరాచీకి సర్వీసు ప్రారంభించిరి. బాజెల్ నుండి జెనోవా వరకు రైలు, అటు పిమ్మట అలెగ్జాండ్రియా వరకు సముద్ర విమానము, తిరిగి నేల విమానము – ఇట్లు ఏడు దినముల ప్రయాణము. 1932 అక్టోబరు 15న జె. ఆర్. డి. టాటా గారు కరాచీ నుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి టపా తెచ్చిరి. అహమ్మదాబాదులో ఆ విమానమునకు పెట్రోలు ఎడ్లబండి మీద వచ్చినది! అచ్చటి నుండి నెవిల్ విన్సెంట్ గారు బళ్లారి మీదుగా ఆ టపాను మద్రాసు చేర్చిరి.

1948 జూన్ 8 రాత్రి ఎయిర్ ఇండియా వారి ‘మలబార్ ప్రిన్సెస్’ 35 మంది ప్రయాణికులతో బొంబాయి విడిచి, కైరో, జెనీవాల మీదుగా జూన్ 10న లండను చేరినది. 1960లో ఆ సంస్థకు జెట్ విమానములు వచ్చెను. నేడు మధ్యలో ఆగకుండ లండను చేరుటకు తొమ్మిది పది గంటలు చాలును. ఆకాశమున పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుండి తూర్పునకు బలమైన గాలి వీచును గనుక, తిరుగు ప్రయాణము సాధారణముగా ఇంకను త్వరగా ముగియును.

అయితే గంటలను నిర్ణయించునది యంత్రము ఒక్కటే కాదు. 1929లో ఆ రైలు ప్రయాణము ఏల? ఫ్రాన్సు వైపు నుండి వచ్చు బ్రిటిషు విమానములను ఇటలీ తన ఆకాశములోనికి రానీయలేదు గనుక. 2019లో ఫిబ్రవరి నుండి జూలై వరకును, తిరిగి 2025 ఏప్రిల్‌లోను, పాకిస్తాను తన ఆకాశమార్గమును మూసినప్పుడు, మన దేశము నుండి పడమటికి పోవు విమానములు అనేకము చుట్టు తిరిగి పోవలసి వచ్చెను.

ఈనాడు మన తెలుగు కుటుంబములలో అనేకుల బిడ్డలు సముద్రముల కావల నున్నారు. వార్త క్షణములో చేరుచున్నది. బిడ్డ మరునాటికి చేరుచున్నాడు. ఆ ఒక్క దినపు ఎడము మరల పెరుగకుండుటకు మంచి విమానములతోపాటు పొరుగు దేశముల నడుమ సమాధానమును కావలెను.