పేరు కాదు, నొప్పి రాయండి

మా పెనుమూడిలో నడుంనొప్పి అంటే అందరిదీ ఒకటే మాట: "డిస్కు జారింది." పొలం పనీ మూటలు మోయడమూ ఉన్న ఊరు కదా, కారణం చూపడం తేలికే. నాకూ అదే పేరు పెట్టారు. రేపల్లె, తెనాలి, గుంటూరు తిరిగి ఆరేళ్ళు మాత్రలు మింగాను, బెల్టు కట్టాను. చివరికి కీళ్ళవాతం డాక్టరు చూసి, ఇది డిస్కు కాదు, యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అన్నారు.

ఈ జబ్బు ఎక్కువగా 45 ఏళ్ళ లోపే మొదలవుద్ది. పొద్దున్నే నడుం బిగుసుకుపోద్ది. కదిలితే తగ్గుద్ది, పడుకుంటే పెరుగుద్ది. మామూలు నడుంనొప్పి దీనికి ఎదురు, విశ్రాంతితో తగ్గుద్ది. "పడుకుంటే తగ్గుతుందా, పెరుగుతుందా?" అని అడగడానికి పైసా ఖర్చు లేదు. ఆరేళ్ళలో నన్నెవరూ అడగలేదు.

అడక్కపోతే ఖర్చు ఎక్కడ పడుద్దో చూడండి. చాలా బీమా పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. కేవలం పరీక్షల కోసం చేరితే ఇవ్వమని మినహాయింపుల్లోనే రాసుంటుంది. అంటే డిస్కు ఆపరేషనుకు చేరితే డబ్బొచ్చుద్ది, జబ్బు పేరు కనుక్కోడానికి చేరితే రాదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, జాబితాలో ఉన్న చికిత్సలకు. పేరు తేలని నొప్పికి జాబితాలో చోటేదీ?

రెండోది "పాత జబ్బు" పేచీ. పాలసీకి ముందు 36 నెలల్లో డాక్టరు చెప్పిందీ, మందు వాడిందీ పాత జబ్బే. దానికి కంపెనీ పెట్టగల ఎదురుచూపు 2024 నుంచి గరిష్ఠంగా 36 నెలలు, అంతకుముందు 48. నేను ఫారంలో నడుంనొప్పి మాటే రాయలేదు. డిస్కేగా, అదీ ఒక జబ్బా అనుకున్నా. క్లెయిము పెడితే "దాచారు" అని తిప్పి పంపారు. జబ్బు పేరు నాకు తెలియదు, నిజమే. నొప్పి తెలుసుగా!

అందుకే చెప్తున్నా. ఫారంలో నొప్పి ఎప్పట్నుంచో, ఏం మందులు వాడారో రాయండి. పాత చీటీలు దాచండి. డిశ్చార్జి కాగితంలో ఎన్నేళ్ళ నొప్పి అని రాశారో చదివాకే ఇంటికి రండి. పాలసీ ఆపకుండా 60 నెలలు కడితే, మోసం రుజువైతే తప్ప "దాచారు" అనే వంకతో క్లెయిము కొట్టేయకూడదు.

కంపెనీ కాదన్నా, 30 రోజుల్లో జవాబివ్వకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కాకపోతే కంపెనీ కాదన్న ఏడాదిలోపే రాయాలి.

ఆ ఒక్క ప్రశ్న ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగించడం మాత్రం ప్రభుత్వం పని. నా ఆరేళ్ళు ఎట్టాగూ తిరిగి రావు.