నీళ్లకు కరగని ఉప్పు కాగితం

ఫిలడెల్ఫియాలో ఫ్రాన్సిస్ ఓకీ అని ఒకాయన ఉండేవాడు. అచ్చు సిరా తయారీ ఆయన వృత్తి. ఆయన ఉప్పు కాగితంతో గడ్డం చేసుకునేవాడట! బ్లేడైతే తెగుతుంది, సన్న గరుకు కాగితమైతే ఆ భయం ఉండదని ఆయన నమ్మకం. దీన్ని మగవాళ్లందరికీ అమ్మవచ్చని, తర్వాత తాను చేరిన గరుకు కాగితాల కంపెనీకి చెప్పి చూశాడు కూడా. కంపెనీ ముందుకు రాలేదు. ఆయన మాత్రం మానలేదంటారు.

ఈ సంగతి చదివిన రోజు నుంచి ఓకీ నన్ను వదల్లేదు. ఎందుకంటే విజయవాడ ఆటోనగర్‌లో ఏ పెయింటింగ్ షెడ్డుకు వెళ్లినా బకెట్లో నానుతూ కనిపించే నల్ల కాగితం, అందరూ ‘వాటర్ పేపర్’ అనేది, ఆయన ఆలోచనే.

అంతకు ముందు గరుకు కాగితం లేదని కాదు. 13వ శతాబ్దంలోనే చైనావాళ్లు గుల్లల పొడినీ, ఇసుకనూ జిగురుతో తోలు కాగితానికి అంటించారని చెబుతారు. సొరచేప చర్మంతో చెక్కను నునుపు చేసిన వాళ్లూ ఉన్నారు. 1833లో లండన్‌లో జాన్ ఓకీ అనే ఇంకొకాయన (మన ఓకీకి ఏమీ కాడు) గాజు పొడి కాగితం అమ్మకానికి పెట్టాడు. మరుసటి ఏడు అమెరికాలో ఐజాక్ ఫిషర్ పేటెంట్ తీసుకున్నాడు. మన వడ్రంగులు దానికి ‘ఉప్పు కాగితం’ అని చక్కటి పేరు పెట్టుకున్నారు. చేత్తో తడిమితే ఉప్పు చల్లినట్టే ఉంటుంది కదా. ఆ పేరుకు తగ్గట్టే అది నీళ్లు తగిలితే పాడైపోయేది. రాపొడిని పట్టి ఉంచేది పశువుల తోళ్లు, ఎముకలు ఉడకబెట్టి తీసిన బంక. అది తడికి నానిపోతే గింజలు రాలిపోయి, చేతిలో ఒట్టి కాగితం మిగిలేది.

గుర్రపు బళ్లకు రంగులు వేసిన పాతకాలపు పనివాళ్లకు దీనితో పెద్దగా పని పడలేదు. వాళ్లు కుంచెతో వార్నిష్ పూత మీద పూత వేసి, మధ్యమధ్య ప్యూమిస్ రాయితో, నీళ్లు పోస్తూ రుద్దేవాళ్లు. ఒక్కో బండికి వారాలు పట్టేది. ఆ ఓర్పు పోయిందంటే నాకు నిజంగా బాధే. తొలి కార్లు ఆ పద్ధతిలోనే తయారయ్యాయి. 

ఇక ఓకీ చేరిన కంపెనీ సంగతి. 3ఎం 1902లో సుపీరియర్ సరస్సు ఒడ్డున పుట్టింది. కోరండం అనే గట్టి రాయిని తవ్వి అమ్ముదామని ఐదుగురు కలిసి పెట్టారు. ‘కోరండం’ అన్న మాట మన ‘కురువిందం’, తమిళుల ‘కురుందం’ నుంచి వెళ్లిందే. మన ఖమ్మం వైపు ఆ రాయి దొరుకుతుంది. వాళ్లకు దొరికింది మాత్రం అసలు కురువిందమే కాదు, ఎందుకూ కొరగాని వేరే రాయి. దాంతో గరుకు కాగితాల తయారీలోకి దిగారు. 1914లో అక్కడా దెబ్బ తగిలింది. స్పెయిన్ నుంచి తెప్పించిన గార్నెట్ రాయి ఓడలో ఆలివ్ నూనెతో తడిసింది. నూనె అంటిన గింజ బంకకు పట్టలేదు. వాళ్లు దాన్ని వేయించి, నూనె వదిలించి వాడుకున్నారు.

అలాంటి కంపెనీకి 1920లో ఓకీ ఉత్తరం రాశాడు. మీరు వాడే రాపొడి ప్రతి సైజులోనూ కాస్త నమూనా పంపండి అని. కంపెనీ విడి పొడి అమ్మదు. ఇంకొకరైతే ఆ ఉత్తరాన్ని చెత్తబుట్టలో వేసేవారు. విలియం మెక్‌నైట్ అనే అధికారి మాత్రం సిరా చేసే మనిషికి ఇదంతా ఎందుకని ఆరా తీయించాడు. ఓకీ నీళ్లకు చెక్కుచెదరని గరుకు కాగితం కనిపెట్టాడని తేలింది. 1921లో కంపెనీ ఆ హక్కులు కొని, ఆయన్ని కూడా పనిలోకి తీసుకుంది.

దానివల్ల మొదట మేలు జరిగింది కారు పెయింటర్లకే. పొడిగా రుద్దితే లేచే దుమ్ము, ఆనాటి రంగుల్లోని సీసంతో సహా, నేరుగా వాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోయేది. తడిపి రుద్దితే అది బురదగా కిందికి కారిపోతుంది. ఒక్క చెంబెడు నీళ్లు ఎంతమంది ఆయుష్షు కాపాడాయో! ఇవాళ కొన్ని షెడ్లలో పిల్లలు ముక్కుకు గుడ్డ కూడా లేకుండా మెషీన్‌తో పుట్టీ పొడిగా రుద్దుతుంటే చూసి నాకు కోపం వస్తుంది.

కథ అక్కడితో ఆగలేదు. 1923లో త్వరగా ఆరే డ్యూకో రంగు వచ్చింది. రెండు రంగుల కార్లు మోజైపోయాయి. ఆ ఏడే రిచర్డ్ డ్రూ అనే కుర్రాడు, బాంజో వాయించుకుంటూ చదువు మధ్యలో మానేసి 3ఎంలో చేరినవాడు, ఓకీ కాగితం నమూనాలు పట్టుకుని సెయింట్ పాల్‌లో ఒక షెడ్డుకు వెళ్లాడు. అక్కడ పెయింటరు రెండో రంగు పడకుండా అంటించిన కాగితం పీకుతుంటే కింది రంగు కూడా ఊడి వచ్చేసింది. ఆ మనిషి తిట్లు లంకించుకున్నాడు. డ్రూ పని గరుకు కాగితం అమ్మడం వరకే. అయినా, నీకు పనికొచ్చే పట్టీ నేను చేసిస్తానని మాట ఇచ్చేశాడు.

రెండేళ్లు తిప్పలు పడ్డాడు. చివరికి కుదిరింది గ్లిజరిన్ కలిపిన వడ్రంగి బంక, ముడతల కాగితం. నీళ్లకు ఓడిపోయిన పాత బంకే ఇక్కడ గెలిచింది! మొదటి పట్టీకి అంచుల్లోనే బంక పూశారు. అది జారిపోతుంటే ఒక పెయింటరు విసుక్కుని, దీన్ని మీ ‘స్కాచ్’ యజమానులకే ఇచ్చేయ్, బంక ఇంకాస్త పూయమను అన్నాడట. పిసినారులనే అర్థంలో అన్న ఆ మాటే తర్వాత బ్రాండు పేరైంది.

ఆ తర్వాతి దశాబ్దాల్లో కొత్త రంగులు, కొత్త మెషీన్లు చాలానే వచ్చాయి. మన కారుకు సంబంధించి అసలైన మార్పు, రంగు మీద క్లియర్ కోట్ అనే పారదర్శకపు పొర వేయడం. అది సుమారు 40, 50 మైక్రాన్ల మందం, మన తల వెంట్రుక కంటే పలచన. ఎండ నుంచి రంగును కాపాడేది అదే. పాతకాలపు మందపాటి పూతల్లాగా దాన్ని ఏటేటా రుద్దుకోలేం. అందుకే గీత పోగొట్టాలని 2000 నంబరు వాటర్ పేపర్ పట్టేవాళ్లు రుద్దాల్సిన దానికంటే ఆపాల్సిన చోటు తెలిసినవాళ్లై ఉండాలి.

అలాంటి మేస్త్రిని ఆటోనగర్‌లో చూశాను. కాగితం ముక్కను బకెట్లో నానబెట్టి, మూడు మడతలు పెట్టి రబ్బరు దిమ్మకు చుట్టాడు. నీళ్లలో చుక్క షాంపూ వేశాడు. రుద్దే ముందు డోరు మడత మీదుగా మాస్కింగ్ టేపు అంటించాడు. అది ఎందుకని అడిగాను.

“అంచు మీద రంగు పలచగా ఉంటదండీ. ముందు పోయేది అదే.”

నాలుగైదు సార్లు ఒకే దిక్కుకు రుద్దాడు. తెల్లటి పాల లాంటి నీళ్లు కారాయి. తెల్లగా వస్తే పై పొరేననీ, కారు రంగు వస్తే చెయ్యి తీసేయాలనీ చెప్పాడు. రబ్బరు ముక్కతో నీళ్లు లాగేసి, అరచేయి ఆనించి కళ్లు మూసుకుని తడిమాడు. ఇక చాలనుకున్నాడు కాబోలు, టేపును నెమ్మదిగా వెనక్కి మడుస్తూ ఊడదీశాడు. దాని కింద అంచు అలాగే మెరుస్తోంది.