తల్లి చీటీలు, చారల చేప, చిన్న ఆర్‌ఎన్‌ఏ



2024 అక్టోబరులో వైద్య నోబెల్ ప్రకటించిన రోజు మా హాస్టల్ గదిలో పెద్ద చర్చే అయింది. మైక్రో ఆర్‌ఎన్‌ఏ కనిపెట్టినందుకు విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకు బహుమతి. మా నోట్సులో ఆర్‌ఎన్‌ఏ మూడే రకాలు: మెసెంజర్, ట్రాన్స్‌ఫర్, రైబోజోమల్. బట్టీ పట్టి మార్కులు కూడా తెచ్చుకున్నాం. మరి ఇది ఎక్కడిది? చూస్తే 1993లోనే కనిపెట్టారట, మేము పుట్టడానికి పదేళ్ల ముందే! సిగ్గేసింది, కోపమూ వచ్చింది. అప్పట్నుంచి చదువుకున్నది ఇక్కడ పెడుతున్నాం.

మొదట దొరికింది చేపలో కాదు, మట్టిలో బతికే ఒక మిల్లీమీటరు పురుగులో. దాని లిన్-4 అనే జన్యువు ప్రొటీన్ తయారుచెయ్యదు. సుమారు 22 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ ముక్కను మాత్రమే చేస్తుంది. ఆ ముక్క ఇంకో జన్యువు పంపిన మెసెంజర్‌కు అతుక్కుని దాని పని ఆపుతుంది. ఆంబ్రోస్ ల్యాబు నుంచి వచ్చిన ఆ పేపర్లో మొదటి పేరు రోజలిండ్ లీది. నోబెల్ మాత్రం ఆమెకు రాలేదు, అదీ గుర్తుంచుకుందాం. ఏడేళ్లపాటు చాలామంది దీన్ని పురుగుకే పరిమితమైన వింత అనుకున్నారు. 2000లో రవ్‌కున్ ల్యాబు లెట్-7 అనే రెండోదాన్ని చూపించింది. అది ఈగలో, చేపలో, మనిషిలో కూడా ఉంది.

ఉంది సరే, పిండంలో ఏం చేస్తుంది? ఎలుక పిండం తల్లి కడుపులో దాగి ఉంటుంది, చూడటం కష్టం. ఇక్కడే చారల చేప, అదే జీబ్రా ఫిష్, పనికొచ్చింది. గుడ్డు బయటే పెడుతుంది, పిండం అద్దంలా ఉంటుంది, ఒక్క రోజులో తల, తోక, కళ్లు ఏర్పడతాయి. ఇది మన ఉపఖండం చేపే. గంగ, బ్రహ్మపుత్ర వైపు వాగుల్లో, వరి మడుల్లో తిరిగేది. ఈస్టిండియా కంపెనీ డాక్టర్ ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో దీన్ని పుస్తకంలోకి ఎక్కించాడు. తర్వాత అమెరికాలోని ఒరెగాన్‌లో జార్జ్ స్ట్రైసింగర్ దీన్ని ల్యాబు జీవిగా మార్చాడు. ఆయన పేరు మోసిన పేపరు 1981ది.

మైక్రో ఆర్‌ఎన్‌ఏను పొడవాటి ముక్క నుంచి కోసి తయారుచేసే కత్తిలాంటి ఎంజైము డైసర్. 2003లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో వీన్‌హోల్డ్స్, ప్లాస్టర్క్ బృందం చేపలో ఆ జన్యువును పాడుచేసింది. అయినా పిల్లలు వారం దాకా బాగానే పెరిగి ఆగిపోయాయి. కత్తి లేకుండా వారం ఎలా పెరిగాయి? మేము ఎక్కువసేపు తల బద్దలుకొట్టుకున్నది ఇక్కడే. జవాబు: తల్లి గుడ్డులోనే డైసర్‌ను సర్ది పంపింది.

అప్పుడు న్యూయార్క్‌లో ఆంటోనియో గిరాల్డెజ్, అలెగ్జాండర్ షియర్ బృందం తల్లి వాటా కూడా లేని పిండాలను తయారుచేసింది. డైసర్ లేని పిండం నుంచి బీజకణాలు తీసి, మామూలు పిండంలో పెట్టి పెంచారు. ఆ చేప బతుకుతుంది, కానీ దాని గుడ్లలో డైసర్ ఉండదు. ఫలితం 2005లో వచ్చింది. తల ఎటు, తోక ఎటు అన్నది సరిగ్గానే కుదిరింది. రక్తం, కండరాల కణాలూ వచ్చాయి. మెదడు మాత్రం ఆకారం తీసుకోలేదు, గుండె కూడా సరిగా ఎదగలేదు. అప్పుడు మిర్-430 అనే ఒక్క కుటుంబపు మైక్రో ఆర్‌ఎన్‌ఏను సూదితో ఎక్కిస్తే మెదడు చాలావరకు కుదురుకుంది. వందల రకాల్లో ఒక్క కుటుంబం!

అది చేసే పని 2006లో తేలింది. గుడ్డులో తల్లి దాచిన మెసెంజర్లు ఉంటాయి, చీటీలు అనుకోండి. మొదటి మూడు గంటలు పిండం వాటితోనే నడుస్తుంది. ఆ తర్వాత సొంత జన్యువులు లేస్తాయి. వాటితోపాటే మిర్-430 గుట్టలుగా తయారై తల్లి చీటీల్లో కొన్ని వందలకు అతుక్కుంటుంది. వాటి చివరి తోకను కురచ చేయిస్తుంది, చీటీ నాశనమవుతుంది. లేకపోతే పాత చీటీలు మిగిలిపోయి కొత్త పనికి అడ్డం పడతాయి.

నిజం చెప్పాలంటే ఈ మాట మాకు మొదట నచ్చలేదు. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లం. అమ్మ ఇచ్చిందంతా చెరిపేస్తేనే ఎదుగుతారు అన్నట్టు వినిపించింది. మళ్లీ చదివితే అలా లేదు. మిర్-430 తల్లి చీటీలన్నిటినీ తుడవదు. పైగా ఆ మూడు గంటలూ తల్లి చీటీలు లేకపోతే పిండమే లేదు.

మన హైదరాబాద్ సీసీఎంబీలో కూడా ఈ చేపల మీద పని జరుగుతోంది. బయాలజీ తీసుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా అడగాలనుకుంటే కామెంట్లో పెట్టండి, కలిసి చదువుదాం. మా నోట్సులో ఆ మూడింటి కింద ఇంకో లైను రాసుకున్నాం. జూనియర్లకు ఇచ్చే జిరాక్సులో కూడా ఆ లైను ఉంది.