ఎల్యూథెరోస్

స్వాతంత్ర్యమనగా నొరుల కట్టుబాటు లేకుండుట యని మనము సాధారణముగా దలంతుము. ఎవరి పొందును లేని యొంటరివాడే సంపూర్ణ స్వతంత్రుడని యెంచువారును గలరు. స్వతంత్రుని దెలుపు 'ఎల్యూథెరోస్' అను గ్రీకుపదము పుట్టుక నరసినచో నీ తలంపు నిలువదు.

పూర్వులగు గ్రీకు పండితులు కొందరు దీనికి 'వలచినచోటికి బోవువాడు' అని వ్యుత్పత్తి చెప్పిరి. వినుట కింపుగా నున్నను నేటి భాషాశాస్త్రజ్ఞులలో బెక్కు రిది యంగీకరింపరు. వారి మతమున 'పెరుగుట' యను నర్థముగల ప్రాచీనధాతు వొకటి దీనికి మూలము. మొలచుటను జెప్పు 'రోధతి' యను వైదికక్రియయు, తీగను జెప్పు 'వీరుధ' శబ్దమును దానినుండియే వచ్చినవి. జర్మనుభాషలో జనులకు 'లాయ్టె' యని పేరు. లాటినులో 'లీబెర్' అనగా స్వతంత్రుడు, 'లీబెరీ' యనగా బిడ్డలు. కలసి పెరిగినవారు జనము. ఆ జనమునకు జెందినవాడు స్వతంత్రుడు.

ఈ పదము కానవచ్చు నతిప్రాచీనమగు వ్రాతలు పైలోసు రాజమందిరపు మట్టిపలకలు. క్రీ. పూ. 1200 ప్రాంతమున మందిరము దగ్ధమైనపు డవి యా మంటలో గట్టిపడి నిలిచినవి. వాని లిపిని 1952లో మైకేలు వెంట్రిసను నాంగ్లేయ వాస్తుశాస్త్రజ్ఞుడు భేదించెను. అందీ మాట చెప్పునది రాజునకు జెల్లవలసిన యవిసెనార పన్నునుండి విడుపు మాత్రమే.

క్రీ. పూ. 479లో ప్లతీయాకడ పారసీకులను గెలిచిన గ్రీకులు, స్వాతంత్ర్యదాతయగు జ్యూసుదేవునకు బలి యర్పించిరి. నాడు స్పార్టావీరు లైదువేలు. ఒక్కొక్కని వెంట నేడుగురు చొప్పున ముప్పదియైదువేల హెలటులు, స్పార్టావారి పొలములు దున్ను దాసజనులు, నిలిచిరని హెరొడొటసు వ్రాసెను. ఆ విజయము హెలటుల దాస్యమును దొలగింపలేదు.

డెల్ఫీ యాలయపు గోడఱాళ్లపై దాసవిమోచన శాసనములు వందలకొలది కలవు. దాసుని అపోలోదేవునకు విక్రయించినట్లు వ్రాసి విడిచిపుచ్చుట యచటి యాచారము. అందు బెక్కింట మఱియొక నిబంధన గలదు: యజమాని మరణించువఱకు నాతనికడనే యుండి చెప్పినపని చేయవలెను. పేరునకు స్వతంత్రుడు, నడవడిలో దాసుడే.

కలసి పెరిగినవా రందఱును స్వతంత్రులని పుట్టిన పద మట్లు కొందఱ సొత్తయ్యెను. ఒకే యింట నుండి, ఆ యింటి కొరకే పాటుపడు మనుష్యుని మనవాడని లెక్కింపకుండుటయే దాస్యమునకు మొదలు. స్వాతంత్ర్యము గూర్చి మాటలాడునపుడు మన లెక్కలో నెవరు చేరిరో, ఎవరు చేరలేదో మన యింటనే మొదట చూచుకొనుట మేలు.