లూజింగ్ మై రెలిజియన్ (పాట)

'లూజింగ్ మై రెలిజియన్' అమెరికాలోని జార్జియా రాష్ట్రం ఏథెన్స్‌కు చెందిన ఆల్టర్నేటివ్ రాక్ బృందం ఆర్.ఇ.ఎం. పాట. 'ఔట్ ఆఫ్ టైమ్' ఆల్బమ్‌లోని తొలి సింగిల్‌గా 1991 ఫిబ్రవరిలో వార్నర్ బ్రదర్స్ సంస్థ దీన్ని విడుదల చేసింది. ఆల్బమ్ మార్చిలో వచ్చింది. బిల్‌బోర్డ్ పత్రిక హాట్ 100 జాబితాలో 4వ స్థానం దాకా వెళ్లిన ఈ పాటను మించిన స్థానం ఆ బృందానికి అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ అమెరికాలో దక్కలేదు. అదే పత్రిక మోడర్న్ రాక్ జాబితాలో 8 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. బ్రిటన్‌లో మాత్రం 19వ స్థానంతో సరిపెట్టుకుంది.

పాటకు మూలం మాండలిన్ వరస. గిటారిస్టు పీటర్ బక్ కొత్తగా మాండలిన్ కొని, టీవీ చూస్తూ సాధన చేస్తూ దాన్ని టేపు చేసుకున్నాడు. తర్వాత విన్నప్పుడు ఆ సాధన మధ్యలో ఈ వరస దొరికింది. సంగీతం నిమిషాల్లో కుదిరిందనీ, గాయకుడు మైకేల్ స్టైప్ గంటలోపే సాహిత్యం రాసేశాడనీ బక్ చెప్పిన కథనం విస్తృతంగా ప్రచారంలో ఉంది. సంగీతం సంగతి అలాగే జరిగి ఉండవచ్చు. సాహిత్యం విషయంలో మాత్రం నమూనా రికార్డింగులు వేరే దారి చూపుతున్నాయి. 1990 వేసవిలో ఏథెన్స్‌లో చేసిన తొలి నమూనా 'షుగర్ కేన్' అన్న తాత్కాలిక పేరుతో, గాత్రం లేకుండా ఉంది. పదాలు కొన్ని తర్వాత మారాయని స్టైప్ కూడా చెప్పాడు. 2016లో ఆల్బమ్ 25 ఏళ్ల ప్రత్యేక సంచికలో వాద్య నమూనా, గాత్ర నమూనా విడివిడిగా వెలువడ్డాయి. వాటిని వరసగా వింటే పాట అంచెలంచెలుగా తయారైందన్న మాటే నమ్మదగినదిగా తోస్తుంది.

ప్రధాన రికార్డింగ్ 1990 సెప్టెంబరులో న్యూయార్క్ రాష్ట్రం వుడ్‌స్టాక్ వద్ద బేర్స్‌విల్ స్టూడియోలో జరిగింది. బృందంతో కలిసి స్కాట్ లిట్ నిర్మాత. మాండలిన్‌ది పై స్థాయి, మైక్ మిల్స్ బేస్ గిటార్‌ది కింది స్థాయి కావడంతో మధ్యలో ఖాళీ మిగిలింది. దాన్ని పీటర్ హోల్సాపిల్ వాయించిన అకూస్టిక్ గిటార్ పూరించింది. బేస్ వరసకు ఫ్లీట్‌వుడ్ మాక్ బృందంలోని జాన్ మెక్‌వీ శైలి ప్రేరణ అని మిల్స్ చెప్పాడు. తీగ వాద్యాలు అట్లాంటా సింఫనీ ఆర్కెస్ట్రా కళాకారులవి, వాటి కూర్పు మార్క్ బింగమ్‌ది. స్టైప్ గాత్రం ఒకే దఫాలో పూర్తయిందంటారు.

మామూలు అర్థంలో పల్లవి లేదు, ముందుండి నడిపేది మాండలిన్. అందుకే దీన్ని తొలి సింగిల్‌గా పంపడానికి సంస్థలో సుదీర్ఘ తర్జనభర్జన జరిగింది. బృందం పట్టుబట్టడమే పాటకు మేలు చేసింది. ఆ రోజుల్లో రేడియోలో మోగే పాటల మధ్య ఇది ఏ ఒక్కదానినీ పోలదు.

పేరును బట్టి దీన్ని మతవిశ్వాసం మీది పాటగా భావించేవారు నేటికీ ఉన్నారు. అమెరికా దక్షిణాది వాడుకలో ఆ మాటకు సహనం కోల్పోవడం, దిక్కుతోచకపోవడం అని అర్థం. ఇది ఎదుటివారి మనసు తెలియని ఏకపక్ష ప్రేమ గురించిన పాట అని స్టైప్ పలుమార్లు స్పష్టం చేశాడు.

అపార్థానికి వీడియో కూడా కొంత కారణం కావచ్చు. దర్శకుడు జలంధర్‌లో పుట్టిన తర్సేమ్ సింగ్. గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ రాసిన రెక్కల ముసలివాడి కథ, కారవాజ్జియో చిత్రాల వెలుగునీడలు, తార్కోవ్‌స్కీ 'ద శాక్రిఫైస్' సినిమాలో పాలకూజా పగిలే దృశ్యం అందులో కలగలిశాయి. వాటి సరసనే మన క్యాలెండర్లలో కనిపించే దేవుళ్ల బొమ్మల భంగిమలూ రంగులూ ఉన్నాయి. భారతీయ పాఠకుడికి వీడియోలో ముందుగా తెలిసినదిగా అనిపించేది ఆ భాగమే. విదేశీ వ్యాసాలు దాన్ని ఒక్క ముక్కలో దాటవేయడం లోపమే. అంతవరకు వీడియోల్లో పాటకు తగ్గట్టు పెదవులు కదపడానికి ఇష్టపడని స్టైప్ ఇందులో ఒప్పుకున్నాడు.

1991 ఎంటీవీ వీడియో మ్యూజిక్ అవార్డుల్లో 'వీడియో ఆఫ్ ద ఇయర్' సహా ఆరు, 1992 గ్రామీల్లో రెండు పురస్కారాలు వచ్చాయి. 2017లో పాట గ్రామీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది. బృందం 2011లో విడిపోయింది. 2024 జూన్‌లో న్యూయార్క్‌లో సాంగ్‌రైటర్స్ హాల్ ఆఫ్ ఫేమ్ సభలో డ్రమ్మర్ బిల్ బెర్రీతో సహా నలుగురూ మళ్లీ కలిసి వాయించిన పాట ఇదే.